చేరింది అనే ముందు

జూన్ 2, సోమవారం

ఈరోజు మీ అమ్మాయి ఏం చేస్తుందని పెద్దమ్మ ఫోన్‌లో అడిగితే, కంప్యూటర్లు రిపేరు చేస్తుందని అమ్మ చెప్పింది. పక్కింటికీ వినబడినట్టుంది, సాయంత్రానికల్లా వాళ్ల ప్రింటర్ మా గుమ్మంలో ఉంది.

రెండేళ్లుగా విండోస్ అప్లికేషన్లు రాస్తున్నాను. మా ఆఫీసు అంటే రెండు గదులు, ఐదుగురు మనుషులు, ఒక మొండి తలుపు. ఇంట్లోవాళ్ల లెక్కలో అది ఉద్యోగం కాదు, బస్సు వచ్చేదాకా నిలబడే చోటు. బస్సు రానే వచ్చిందంటున్నారు. బావ సిఫారసుతో పెద్ద కంపెనీ ఆఫర్ ఇచ్చింది. ఇరవయ్యో తేదీలోగా అవునో కాదో చెప్పాలి. అవుననేశానని అందరూ అనుకుంటున్నారు, నేను తప్ప.

జూన్ 4, బుధవారం

నేను చేసే పని నాన్నకు వివరించబోయి భంగపడ్డాను.

ఒక రక్తపరీక్షల ల్యాబ్, దానికి మూడు బ్రాంచీలు. బ్రాంచీలో టెక్నీషియన్ పరీక్ష చేసి, ఫలితాలు ఫోన్‌లో మెయిన్ ల్యాబ్‌కు చదివి వినిపిస్తుంది. అక్కడ రాసుకుంటారు, పెద్ద డాక్టర్ చూసి సంతకం పెడతాడు. నా అప్లికేషన్ వస్తే బ్రాంచీలో టైప్ చేసింది డాక్టర్ స్క్రీన్ మీద కనిపిస్తుంది. నెట్‌వర్క్ మీద డేటా పంపే భాగం మాత్రం నేను రాయలేదు. అది రెడీమేడ్ కాంపొనెంట్, అంటే వేరేవాళ్లు రాసి ఇచ్చిన కోడ్. ప్రాజెక్టులో పెట్టుకుని, అడ్రస్ ఇచ్చి, డేటా వెళ్తే ఏం చెయ్యాలి, వస్తే ఏం చెయ్యాలి అన్నది నేను రాస్తాను.

ఎవరో చేసిన ముక్కలు తెచ్చి అతికించడానికి ఇంజనీరింగ్ ఎందుకన్నాడు నాన్న.

దర్జీ బట్ట నేస్తాడా అని అడగాల్సింది. ఆ మాట స్నానం చేస్తుంటే తట్టింది. నా తెలివి ఎప్పుడూ గంట లేటు.

జూన్ 7, శనివారం

పని చేస్తోంది! ఆఫీసులో ఈ టేబుల్ మీద నొక్కితే ఆ టేబుల్ మీది స్క్రీన్‌లో ప్రత్యక్షం. మా ఆఫీసు నడిపే సార్ పదిసార్లు నొక్కించుకుని చూశారు.

జూన్ 10, మంగళవారం

మొదటి బ్రాంచీలో ఇన్‌స్టాల్ చేశాను. అక్కడి టెక్నీషియన్‌కు యాభై దాటి ఉంటాయి. కళ్లద్దాల పైనుంచి చూస్తుంది. ఈ పెట్టె వచ్చాక నన్ను ఇంటికి పంపేస్తారా అని అడిగింది, నవ్వుతూనే. పంపరన్నాను. స్క్రీన్ మీద పచ్చగా ‘చేరింది’ అని వస్తే ఇక ఫోన్ చెయ్యక్కర్లేదని చెప్పాను. అయినా ప్రతి అంకె తన రిజిస్టర్‌లోనూ రాసుకుంది. నాకు కాస్త రోషం వచ్చింది.

జూన్ 12, గురువారం. మధ్యాహ్నం 2



ఒక ముసలాయనకు రక్తంలో పొటాషియం బాగా ఎక్కువ వచ్చింది. డాక్టర్ వెంటనే చూడాల్సిన రిపోర్టు. టెక్నీషియన్ పొద్దున్నే పంపింది. ‘చేరింది’ అని వచ్చింది. నేను చెప్పాను కాబట్టి ఫోన్ చెయ్యలేదు. గంటన్నర తర్వాత మెయిన్ ల్యాబ్ డాక్టరే ఫోన్ చేశాడు, ఆయన రిపోర్టు ఇంకా రాలేదేమని. ఆమె రిజిస్టర్ తెరిచి చదివింది. ముసలాయనకు వైద్యం మొదలైంది, బాగానే ఉన్నాడట.

సాయంత్రం 5

తప్పు దొరికింది. కాంపొనెంట్ ‘పంపడం పూర్తయింది’ అని చెప్పేది పంపే కంప్యూటర్ వరకే. డేటాను నెట్‌వర్క్‌కు అప్పగించానని దాని అర్థం. అవతల అందిందని కాదు. హెల్ప్ ఫైల్‌లో స్పష్టంగానే ఉంది. ‘చేరింది’ అన్న మాట నాది. ఆఫీసులో రెండు కంప్యూటర్లూ పక్కపక్కనే, నెట్ ఎప్పుడూ తెగలేదు. బ్రాంచీలో తెగింది.

క్షమాపణ చెప్పడానికి వెళ్లాను. టెక్నీషియన్ అరవలేదు. అరిచినా బాగుండేది.

“నువ్వు చేరిందంటే నమ్మానమ్మా. ఈసారి నీ పెట్టెను చేరాకే చెప్పమను.”

జూన్ 13, శుక్రవారం

ఇంట్లో చెప్పలేదు. ల్యాబ్‌లో బావకు తెలిసినవాళ్లున్నారు, ఆయన ద్వారా తెలిసిపోయింది.

జూన్ 14, శనివారం

అందుకే పెద్ద కంపెనీ అన్నాడు నాన్న. అక్కడ నీ తప్పు పట్టుకోవడానికి పైన పదిమంది ఉంటారన్నాడు. నిజమే. గంట తర్వాత ఆలోచించినా నిజమే.

ఆఫీసుకు వెళ్లి మార్చాను. రిపోర్టు అవతల సేవ్ అయ్యాక, దాని నంబర్ వెనక్కి రావాలి. వస్తేనే పచ్చ. అప్పటిదాకా పసుపు, ‘వెళ్తోంది’. నిమిషంలో రాకపోతే ఎరుపు, ‘ఫోన్ చెయ్యండి’. మళ్లీ పంపినప్పుడు ఒకే రిపోర్టు రెండుసార్లు పడకూడదు.

సార్ కుర్చీ లాక్కుని నెట్‌వర్క్ కేబుల్ దగ్గర కూర్చున్నారు. ఇప్పుడు పీకనా, ఇప్పుడు పీకనా అంటూ ముప్ఫైసార్లకు పైగా పీకారు. మధ్యలో మామూలుగా, ఆఫర్ సంగతి తనకు తెలుసని, వెళ్తానంటే మంచి లెటర్ రాసిస్తానని అన్నారు. ఉండమని అడగలేదు. మళ్లీ కేబుల్ పీకారు.

జూన్ 17, మంగళవారం

బ్రాంచీలో కొత్తది పెట్టాను. కేబుల్ మీరే పీకండి అన్నాను టెక్నీషియన్‌తో. పీకింది. పసుపు. ఎరుపు. తిరిగి గుచ్చింది. పచ్చ. డాక్టర్‌కు ఫోన్ చేసి అందిందా అని కనుక్కుంది. అందింది. ఇంకో నాలుగుసార్లు పీకి, అప్పుడు కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఇంకో నెల రిజిస్టర్ రాస్తానంది. రాయండి అన్నాను, ఈసారి రోషం లేకుండా. ప్రమాదకరమైన అంకె వస్తే డాక్టర్ స్క్రీన్ మీద అన్నిటికంటే పైన కనబడాలంది. అది నాకు తట్టలేదు. హెల్ప్ ఫైల్‌లో ఉండదు, పైనున్న పదిమందికీ తెలియదు. ఆమెకు తెలుసు.

జూన్ 19, గురువారం

భోజనాల దగ్గర నాన్న నన్ను చూడకుండా అడిగాడు, రిపోర్టు పంపుతుండగా సగంలో కరెంటు పోతే ఏమవుతుందని. చెప్పాను. వచ్చాక ఎక్కడ ఆగిందో దానికి గుర్తుంటుందా అన్నాడు. ఉంటుందన్నాను. అన్నం కలుపుకుంటూ ఊఁ అన్నాడు.

జూన్ 20, శుక్రవారం. ఉదయం 9:10

ఆఫర్ వద్దని మెయిల్ పంపాను. బావకు ఫోన్ చేసి నేనే చెప్పాను. పదింటికి రెండో బ్రాంచీలో ఇన్‌స్టాలేషన్ ఉంది.