మూడు పెద్ద కెరటాల తరువాత

బరంపురం,
9-2-1997.

మిత్రుడు కాశయ్యకు వైకుంఠరావు నమస్కారాలు. మేమంతా కులాసా. జగ్గమ్మ చెల్లెమ్మా, పిల్లలూ చల్లగా ఉన్నారని తలుస్తాను. మీ అమ్మాయి నీలమ్మ ఈ ఉత్తరం చదివి వినిపిస్తుందని ఆశ. సగంలో చింపెయ్యకు.

మన మధ్య మాటలు లేక నాలుగేళ్లు. ఆ రోజు చమఖండి ఒడ్డున నీ పడవ ఎక్కినవాణ్ని ఎక్కినట్టే దిగిపోయాను. మూడు పెద్ద కెరటాలు పోనిచ్చి, వెనక వచ్చే చిన్నవాటి మీద పడవ తోస్తామని నువ్వన్నావు. ఒక కెరటానికీ ఇంకోదానికీ సంబంధమే లేదని, ఇదంతా మూఢనమ్మకమని పదిమందిలో నేనన్నాను. “సుద్దముక్కతో సంద్రం లెక్క ఏటి తెలుస్తాది మాస్టారూ, ఎల్లండి” అన్నావు. వచ్చేశాను. ఫిజిక్సు లెక్చరర్ని కదా, పౌరుషం!

ఈమధ్య మా కాలేజీకి కంప్యూటర్ వచ్చింది. నీది తప్పని తేల్చాలనే దాని ముందు కూర్చున్నాను. అందులో నీళ్లుండవు, అంకెలే. ఆ అంకెలతోనే సముద్రాన్నీ పడవనీ నడిపించి చూడవచ్చు. మొదట పాచికలు వేసినట్టు ఏ కెరటం ఎత్తు దానిదే అన్నట్టు పెట్టాను. నీ లెక్కతో తోసినా, కళ్లు మూసుకుని తోసినా పడవ ఒకేలా బోల్తా కొట్టింది. పండగ చేసుకున్నాను.

తరువాత సిగ్గేసింది. పాచికలు వేసింది నేను, సముద్రం కాదు. దూరం నుంచి వచ్చే కెరటాలు వరసలుగా వస్తాయి. దాదాపు ఒకే పొడవున్న రెండు వరసల్ని కలిపి చూశాను. మిట్ట మీద మిట్ట పడ్డచోట కెరటం పెరిగింది, మిట్ట పల్లంలో పడ్డచోట అణిగింది. మూడో నాలుగో పెద్దవి, వెంటనే కాస్త నెమ్మది, మళ్లీ పెద్దవి! నువ్వు చెప్పినట్టు ఆగి తోస్తే నూటికి తొంభైమూడుసార్లు పడవ దాటింది. ఆగకపోతే నలభై కూడా లేదు.

ఓడిపోయి ఇంత సంతోషించడం నాకిదే మొదలు. నువ్వన్నదే ఒప్పు, కాశయ్యా. ఆదివారాలు నీ పక్కన ఇసకలో కూర్చోక, జగ్గమ్మ చేపల పులుసు తినక ఈ నాలుగేళ్లూ వెలితిగానే ఉంది. వచ్చే ఆదివారం పొద్దున్నే వస్తాను. పడవలో చోటిస్తావా?

నీ స్నేహం కోరే
వైకుంఠరావు

తా.క.: నీలమ్మా, ఇది మాత్రం పేటలో అందరికీ వినబడేలా గట్టిగా చదువు తల్లీ. ఆ రోజు నేను దిగింది భయంతో. కెరటాల సిద్ధాంతం దిగాక, ఇసకలో నిలబడి అప్పటికప్పుడు అల్లాను. భయం ఇప్పటికీ ఉంది. అయినా వస్తున్నాను.