ముందు కానుక, తర్వాత కబురు

అమ్మా, నేను క్షేమం. మొదటి కాన్పులో చావు తప్పించుకున్న అక్కకి ఈసారి ఏమైందో తెలియక, ఇక్కడ రోడ్డు పనిలో పార పట్టబుద్ధి కాలేదు. ఇవాళ మన ఊరినుంచి వచ్చిన ఎషిమ్ తాత గుర్రం దిగకుండానే "సుయూంచు! ముందు కానుక, తర్వాతే శుభవార్త" అన్నాడు. అక్కదో ఆవుదో చెప్పడు.

"ఇది లంచం తాతా, విప్లవం తెచ్చిన కొత్త లోకంలో చెల్లదు" అని మండిపడ్డాను.

"అయితే కబురు కూడా కొత్త లోకాన్నే అడుగు" అని కళ్లెం తిప్పాడు.

పరుగెత్తి టోపీ ఇచ్చాను. తల్లీ బిడ్డా క్షేమమట. ఏ బిడ్డంటే నా బూట్లకేసి చూశాడు. అవీ పోయాయి. ఆడపిల్ల!

నాన్న పాత బూట్లు పంపు, ఎండుపెరుగు ఉండలు కూడా. మేకలు ఈనాయా? అక్క అత్తగారు మూతి ముడిస్తే, ఈ కబురు కోసం మేనమామ ఉత్తికాళ్లతో రాళ్లమీద గంతులేశాడని చెప్పు. చిట్టితల్లికి నా నూరేళ్లూ పోసి దీవించు.

నీ జుమాలి