ఇస్త్రీపెట్టె తాళంచెవి

నాన్నా,

తాళంచెవి ఈ చీటీ కిందే ఉంది. ఇస్త్రీపెట్టె బీరువా పై అరలో ఉంది, తీసుకోండి. వైరు కొత్తది వేయించాను. కర్టెన్‌ను బల్లకు దూరంగా జరిపాను. పనయ్యాక ప్లగ్గు పీకి, పెట్టెను నిలబెట్టి ఉంచాలి. నలభై ఏళ్లు బట్టలు కుట్టిన మీకు ఇది చెప్పడమేమిటి? నాకు నేను చెప్పుకుంటున్నాను.

నెల క్రితం బల్ల మీది దుప్పటి అంటుకున్న రోజు, మీరు టీకి వెళ్లాక నేను చొక్కా ఇస్త్రీ చేసుకున్నాను. స్విచ్చి ఆపకుండానే ఆఫీసుకు పరిగెత్తాను. సాయంత్రం వచ్చేసరికి మీరు చేతికి కట్టుతో కూర్చుని, "నేనే మరిచిపోయుంటాన్రా, ముసలాణ్ణయిపోయా" అని నవ్వారు. నేనేమో "ఇక మీరు దాన్ని ముట్టుకోవద్దు" అని గదమాయించి తాళం వేశాను. నా తప్పును మీ వయసు మీదికి నెట్టేయడం అంత సులువుగా జరిగిపోయింది. అప్పటి నుంచి గ్యాసు కట్టేశారో లేదో అని మీరు మూడేసిసార్లు వెళ్లి చూసుకుంటున్నారు. నేను తలెత్తలేకపోతున్నాను.

మరో మాట. "మతిమరుపు మొదలైంది" అని మీరు డాక్టరుతో చెబుతుంటే నేను పక్క కుర్చీలోనే ఉన్నాను. ఆ మాత్రలు కొనుక్కొచ్చిందీ నేనే. సాయంత్రం మళ్లీ ఆయన దగ్గరికి వెళదాం. ఈసారి నేను చెబుతాను.