అక్కకు వినపడేవి

అక్టోబర్ 5
ఆ గొంతు మళ్ళీ పిలిచింది. మధ్యాహ్నం, నేను పెద్దావిడ, అదే మేడమ్ వాళ్ళమ్మ, బట్టలు ఇస్త్రీ చేస్తుంటే. "ఈశ్వరీ" అని, వెనకనుంచి, స్పష్టంగా. తిరిగి చూస్తే ఎవరూ లేరు. నేను పనిచేసే ఈ ఇంట్లో నన్ను ఈశా అంటారు. ఈశ్వరి అని పిలిచేవాళ్ళు ఈ గల్ఫ్ ఊళ్ళో, అబూ హమూర్ పేట మొత్తం మీద లేరు. ఇస్త్రీపెట్టె ఆపి కాసేపు కూర్చున్నాను.

అక్టోబర్ 8
జుట్టు దువ్వెనకు కుచ్చులుగా వస్తోంది. ముఖం ఉబ్బింది. బయట అంత ఎండ, నాకు చలి. థైరాయిడ్ మాత్ర మానేసి మూడు నెలలు దాటింది… మానేయలేదు, అయిపోయాయి.

అంతా సత్తిబాబు పుణ్యం. ఈ ఇంటి డ్రైవరు, కోనసీమ మనిషి. సెలవుకు వెళ్ళినప్పుడు అన్న అతనికి కొరియర్లో పార్సిల్ పంపాడు. ఏడాదికి సరిపడా మాత్రలు, గోంగూర పచ్చడి, కారప్పొడి. తిరిగి బయలుదేరేముందు మాత్రలు తీసి పక్కన పెట్టాడు మహానుభావుడు. "మందులుంటే ఎయిర్‌పోర్టులో పట్టేసుకుంటారంటండీ. మా బావమరిది చేతిలో పెట్టి వచ్చేశాను, ఏమనుకోకండి." గోంగూర మాత్రం భద్రంగా తెచ్చాడు. తిట్టాను. పచ్చడి సగం అతనికే ఇచ్చాను.

ఇక్కడ కొనుక్కోవచ్చు. కానీ మేడమ్‌కు తెలుస్తుంది. వీసా మెడికల్‌కు ముందు కడపలో ఏజెంటు అన్న మాట — "మాత్రలేసుకుంటానని నోరెత్తినావంటే అన్‌ఫిట్ అంటారు." రెండేళ్ళు బట్టల కింద దాచుకుని మింగాను. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని చెప్పను?

అక్టోబర్ 13
ఈరోజు పిలవలేదు. ఎదురుచూశానా? చూశాను.

అక్టోబర్ 17, శుక్రవారం
మేడమ్ వాళ్ళు చుట్టాలింటికి వెళ్ళారు. ఇల్లంతా నేనొక్కదాన్నే. ప్లేటు ముందు కూర్చున్నానో లేదో… "తిన్నావా" అంది. ఆడగొంతు, అచ్చం మా కడప మాట. తర్వాత "వాళ్ళకు తెలిసిపోయినాది, జాగ్రత్త" అంది.

భయమేసింది అని రాయాలి. ముందు సంతోషమేసింది. భయం తర్వాత.

అక్టోబర్ 20
అక్కకు ఇలాగే మొదలైంది. పదకొండేళ్ళ కింద, కుట్టుమిషన్ ముందు కూర్చుని గోడతో మాట్లాడేది. డాక్టరు చీటీలో స్కిజోఫ్రీనియా అని రాశాడు. ఊళ్ళో వాళ్ళకు అంత పెద్ద మాట అక్కర్లేకపోయింది, పిచ్చి అన్నారు. ఆ ఇంటి రక్తంలోనే ఉంది అన్నారు. ఆ మాట వినపడనంత దూరం పోదామనే నేనిక్కడికి వచ్చాను.

అక్కకు ఫోన్ చేశాను. ఇంకెవరికీ చెప్పలేనిది ఆమెకు చెప్పాను.  అక్క — "నీకూ వినపడతాండాయా? నిజంగానా మే? దేవుడా… నేనొక్కదాన్నే అనుకుంటి." అక్క గొంతులో ఆ హుషారు విని ఎన్నేళ్ళయిందో. "అవి తిడితే నువ్వు పాట పాడు, పోతాయి" అని ఉపాయం కూడా చెప్పింది. గంటసేపు మాట్లాడుకున్నాం.

అక్టోబర్ 26
అన్నం పారబోశాను. మేడమ్ ఏదో కలిపింది. కలిపిందని ఆ గొంతు నాకు చెప్పింది.

అక్టోబర్ 29
రాయడానికి సిగ్గుగా ఉంది. మేడమ్ వాళ్ళ అమ్మ జపమాల తిప్పుతూ పెదాలు కదుపుతోంది. రోజూ చేసేదే. ఈరోజు నన్నే తిడుతోందనిపించింది. "ఏంటికి తిడతాండావు నన్ను?" అని తెలుగులో అరిచి, ఆమె చేతిలోంచి జపమాల లాగేశాను. ఎనభై ఏళ్ళ మనిషి… నేను రోజూ కాళ్ళు పట్టే మనిషి. వణికిపోయింది. ఏడ్చింది.

మేడమ్ నన్ను ఒక్క మాట అనలేదు. సత్తిబాబును పిలిచి "యల్లా, హెల్త్ సెంటర్" అని బయలుదేరదీసింది. ఇక ఇంటికి పంపేస్తారనుకున్నాను. కారులో సత్తిబాబు — "నా వల్లేనండీ ఇదంతా. ఆ మాత్రల సంగతి డాక్టరుగారికి చెప్పండి. మీరు చెప్పకపోతే నేనే చెప్పేస్తాను."

అతనే చెప్పాడు.

అక్టోబర్ 30
నిన్న రాయగా మిగిలింది ఇది. డాక్టరమ్మ ప్రశ్నలను మలయాళీ నర్సు హిందీలో అడిగింది. ఎవరూ లేకుండా మాటలు వినపడతాయా? మాఫీ అన్నాను, ఇక్కడి అరబ్బీలో లేదు అని. మళ్ళీ అడిగింది. మాఫీ. మూడోసారి అడగకుండా నా చెయ్యి పట్టుకుంది. అంతా చెప్పేశాను. రక్తం తీసుకున్నారు.

నవంబర్ 2
థైరాయిడ్ బాగా పడిపోయిందట. అంత పడిపోతే కొందరికి మనసు కూడా గాడి తప్పుతుందట. గొంతులు, అనుమానాలు. అందుకే స్కిజోఫ్రీనియా అని తేల్చేముందు ఈ పరీక్ష చేయాలంది డాక్టరమ్మ. రోజూ పరగడుపున మాత్ర, కొన్నాళ్ళు మనసు నిలబడటానికి ఇంకోటి. వారాలు పడుతుంది, ఓపిక పట్టాలి.

మాత్రలు మేడమే కొని తెచ్చింది. ఎందుకు దాచావు అని ఒకటే ప్రశ్న. 

నవంబర్ 3
అక్కకు ఎప్పుడైనా ఈ పరీక్ష చేశారా? తెల్లారినప్పటినుంచీ ఇదే ఆలోచన. ఆమెకూ జుట్టు ఊడేది. ఆమె కూడా చలి అనేది. అన్నకు ఫోన్ చేశాను. "ఏమో, గుర్తులేదు. ఇన్నేండ్ల తర్వాత ఇప్పుడేంది మే?" చేయించు అన్నాను. చేయించేదాకా నీతో మాట్లాడను అన్నాను. చిన్న మాత్రతో పోయేదానికి పదకొండేళ్ళు పోగొట్టామా…

నవంబర్ 12
రిపోర్టు వచ్చిందని అన్న ఫోన్ చేశాడు. అక్క థైరాయిడ్ సరిగ్గానే ఉందట. "దాని జబ్బు దీనివల్ల కాదంట. ఆ పాత మాత్రలే వేసుకోవాలంట."

అంటే నాది వేరు. ఊపిరి పీల్చుకున్నాను, ముందు అదే చేశాను. అక్క కోసం ఏడుపు సాయంత్రం దాకా రాలేదు.

నవంబర్ 28, శుక్రవారం
పది రోజులుగా గొంతు లేదు. చలి తగ్గింది. పెద్దావిడ మళ్ళీ కాళ్ళు పట్టనిస్తోంది. అందరూ బాగయ్యావంటున్నారు, బాగయ్యాను. ఒంటరిగా కూర్చుని తిన్నాను. చాలా ఒంటరిగా ఉంది.

డిసెంబర్ 6
అక్క ఫోన్. "ఏమంటాండాయి మే నీకాడ?" పనిలో ఉన్నానన్నాను. "మందులేసుకుంటే నీకు పోయినాయంటాండాడు అన్న. పోయినాయా? అట్లయితే మళ్ళా నేనొక్కదాన్నేనా?"

సిగ్నల్ లేదన్నాను. రేపు చేస్తానన్నాను.

డిసెంబర్ 7
నేను చేయలేదు. ఆమే చేసింది. రెండుసార్లు తీయలేదు. మూడోసారి తీశాను.

"చెప్పు మే. ఉండాయా, పోయినాయా?"

ఉన్నాయన్నాను.

అక్క నవ్వింది. మనసారా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. అప్పుడంది — "అయితే నాకేంటికి మే ఈ మాత్రలు? గల్ఫ్ మందులే నీకు పనిజేయకపోయె. ఈ పొద్దునుంచి నేను వేసుకోను." ఫోన్ పెట్టేసింది.

మళ్ళీ చేస్తున్నాను. తీయడం లేదు. అన్న పొలంలో ఉంటాడు ఈ వేళకు… అతనికీ చేస్తున్నాను. తీస్తే ఏమని మొదలుపెట్టాలి?