పీడ పువ్వులు

జూన్ 3, మంగళవారం

మళ్ళీ ఒకటి మొలిచింది. చేపల ట్యాంకులో ఎడమవైపు రాయి కింద. నిన్న లేదు.

చిటికెనవేలంత గొట్టం, కొసన గోధుమరంగు వెంట్రుకల గుత్తి. తెలియనివాళ్ళు పువ్వనుకుంటారు. పక్కింటి వెంకటనరసమ్మగారు ఎంత బాగుందండీ అని మురిసిపోయారు కూడా. దీని పేరు ఐప్టేసియా. సముద్రపు పురుగు. ఎప్పుడో ఆయన తెప్పించిన కోరల్ రాయిని పట్టుకుని పిలవని పేరంటానికి వచ్చింది. పక్కనున్న కోరల్స్‌ని, అంటే బతికున్న పగడాల్ని, కుట్టి కుట్టి చంపి, ఆ చోట తన పిల్లల్ని పెడుతుంది.

ఆయనకు చెప్పకూడదనుకున్నాను. నాకంటే ముందే చూశారు. కాఫీ తాగుతూ ఎడమచేతి వేలితో చూపించారు.

జూన్ 5

కిందటి దీపావళి వెళ్ళాక ఆయనకు స్ట్రోక్ వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దయింది. తాడేపల్లిగూడెం మార్కెట్లో మా ఉల్లిపాయల కొట్టు మరిది చూసుకుంటున్నాడు. కొట్టు ఊసు ఆయన ఎత్తరు. నా ఊసు సరేసరి.

పొద్దున్న ట్యాంకు లైటు వెలిగే వేళకి లేస్తారు. వాకర్ పట్టుకుని మంచం దగ్గర్నుంచి ట్యాంకు ముందు కుర్చీ దాకా వస్తారు. రోజు మొత్తానికి నడక అదొక్కటే. ఫిజియో ఎలీయాజరుగారు చెప్పనే చెప్పారు, నా ఎక్సర్‌సైజులకంటే ఆ చేపలే నయం మేడమ్, వాటికోసమైనా సార్ లేస్తున్నారండీ అని.

అందుకే ఈ చాకిరీ. ట్యాంకు పోతే ఆయన మంచం దిగరు. అది నాకు తెలుసు.

జూన్ 8, ఆదివారం

ఇవాళ బ్లేడు పట్టి, మాడిన గిన్నె గీకినట్టు ఆ పీడనంతా గీకేశాను. కుర్చీలోంచి ఆయన ఏదో అంటూ చెయ్యి ఊపుతున్నారు. మెచ్చుకుంటున్నారేమో అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

వద్దంటున్నారట. గీకితే ప్రతి ముక్కా ఒక పిల్ల అవుతుందట. ఆ మాట పూర్తయ్యేసరికి ముక్కలన్నీ పంపు నీళ్ళలో ట్యాంకంతా తిరిగేశాయి.

జూన్ 19

ముక్కలు మొలకెత్తాయి. అన్ని రాళ్ళ మీదా. ఆవాలు చల్లినట్టు.

నెత్తురు చుక్క పడ్డచోటల్లా ఇంకొకడు లేచే రాక్షసుడి కథ చిన్నప్పుడు విన్నాను. నేను పేరుకు మాత్రం దుర్గాదేవిని.

జూన్ 22

ఆయన గంటసేపు కష్టపడి మందు చెప్పారు. తాంబూలం సున్నం చిక్కగా కలిపి, సిరంజితో ఎక్కించి, పంపు ఆపి, ఒక్కొక్కదాని నోటి మీద చుక్క పెట్టాలి. చెయ్యి తగిలిందా, గొట్టం రాయిలోకి దూరిపోతుంది. మళ్ళీ బయటికి వచ్చేదాకా కాపలా కాయాలి. తలుపు తియ్యని కోడలి గుమ్మంలో నిలబడ్డట్టు నిలబడ్డాను.

నడుము పోయింది. చచ్చినవి కొన్ని. పుట్టినవి అంతకంటే ఎక్కువ.

పైగా చేపలకు రొయ్యల తురుము పెట్టాలి. మా షావుకారు ఇళ్ళల్లో గుడ్డు కూడా గడప తొక్కదు. ఆ తురుము డబ్బా కోసం పెరటి వరండాలో వేరే ఫ్రిజ్ పెట్టించారు. తురుము పట్టకారుతో పట్టుకుని మొహం పక్కకు తిప్పుకుంటాను. తర్వాత స్నానం. ఆ స్నానాలతోనే నాకు జలుబు వదలడం లేదు.

జూలై 2

చెన్నై నుంచి రొయ్యలు వచ్చాయి. బతికున్నవి. ఐప్టేసియాని తింటాయని ఆయనే ఆర్డర్ పెట్టించారు. షావుకారు ఇంట్లో రొయ్యలు పెంచుతున్నారని వీధంతా చెప్పుకుంటున్నారట. చెప్పుకోనీ.

జూలై 6

రొయ్యలు వాటి మొహం కూడా చూడలేదు. చేపల మేత మేసి బలుస్తున్నాయి.

జూలై 9

ఇవాళ అనేశాను. కూర్చుని వేలు చూపించడం తేలికేనండీ, వంగి చేసేది నేను కదా, నాకూ ఒళ్ళుంది కదా అని. ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నారు.

వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. పనిమనిషి ఎందుకని అడక్కుండా ముందు నాలుగు ఉల్లిపాయలు తరిగాను. ఉల్లిపాయల వ్యాపారం చేసే ఇంట్లో ఆ సదుపాయం ఒకటుంది.

జూలై 13, ఆదివారం

తమ్ముడు సుకుమార్ వచ్చాడు. మండవల్లిలో చేపల చెరువులకు మేత, మందులు, సున్నం అమ్మే కొట్టు వాడిది. నేను సిరంజితో కుస్తీ పడుతుంటే పడీ పడీ నవ్వాడు. కొల్లేరు చుట్టూ ఎకరాలకు ఎకరాల చెరువులు అక్కా, నీళ్ళు చెడ్డా, పాచి పట్టినా మేం చేసేది ఒకటే, సున్నం కొట్టిస్తాం, ఈ గాజుపెట్టెకి ఇన్ని తిప్పలేంటే అన్నాడు. నీళ్ళలో కలిపి పోసెయ్, బావగారికి చెప్పకు, భయపడతారు అన్నాడు. కారులోంచి ఒక సంచీ తీసి ఇచ్చాడు.

సంచీ మెట్ల కింద పెట్టాను. సున్నం ఎలాగూ వాడేదే కదా. చుక్క చుక్క పెడితే తప్పులేనిది, ఒకేసారి పోస్తే తప్పేమిటి అనిపిస్తోంది.

జూలై 15, మధ్యాహ్నం 2

ఆయన పడుకున్నారు. బకెట్లో కలిపి చెంబుతో పోశాను. నీళ్ళు మజ్జిగలా అయ్యాయి. చెరువులో కూడా అలాగే అవుతాయిట, తర్వాత తేరుకుంటాయిట.

నాకు ఇంక ఓపిక లేదు. ఒక్కొక్కదాని నోరు వెతికే ఓపిక అసలు లేదు.

సాయంత్రం 5

తేరుకున్నాయి. అడుగుదాకా కనిపిస్తోంది.

మాకున్న నారింజరంగు చేపలు రెండూ వెల్లకిలా తేలాయి. రొయ్యలు పోయాయి. కోరల్స్ జిగురై రాళ్ళ మీంచి కారుతున్నాయి. ఎనిమిదేళ్ళు ఆయన కంటికి రెప్పలా చూసుకున్నవి. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేశాను. పిచ్చుకను కూడా చూసి వెయ్యలేదు.

తమ్ముడికి ఫోన్ చేస్తే, అంత చిన్న పెట్టెలో ఎంత పోశావే అని తిరిగి నన్నే అడిగాడు. ఎంత పొయ్యాలో నువ్వు చెప్పావుట్రా అని ఫోన్ పెట్టేశాను.

ఆయన లేచి వచ్చారు. దాచలేదు. నేనే పోశానండీ అన్నాను. తిట్టినా బావుండేది. ట్యాంకు వైపు చూసి, పడుకుంటా అన్నారు. ఆ ఒక్క మాటా ముద్ద లేకుండా వచ్చింది.

జూలై 16

లేవలేదు.

జూలై 18

లేవలేదు. ఎలీయాజరుగారు వచ్చి కూర్చున్నారు. సార్, కాలు ఒక్కసారి దించండి సార్ అని బతిమాలారు. ఆయన కళ్ళు కూడా తెరవలేదు.

జూలై 21

వాసన వస్తోందని చచ్చినవన్నీ తీసి నీళ్ళు మార్చాను. ఏలూరులో అక్వేరియం షాపు ఫణికిరణ్‌కు ఫోన్ చేశాను. శుక్రవారం ఆటో ట్రాలీ తెచ్చి రాళ్ళతో సహా ట్యాంకు పట్టుకుపోతానన్నాడు. ఆయనతో చెప్పాను. వినిపించిందో లేదో.

అన్నం రెండు ముద్దలు. అంతే.

జూలై 24

బతికే ఉన్నాయి.

ఐప్టేసియాలు. రాళ్ళ లోపలికి దూరి దాక్కున్నాయి కాబోలు, ఇవాళ బయటికి వచ్చాయి. కుట్టడానికి పక్కన ఎవరూ లేరు. హాయిగా గుత్తులు విప్పుకుని ఊగుతున్నాయి. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా చేపల్ని చంపుకుని వీటికి చోటిచ్చానా అని.

ఆ ఊపులో ఆయన గదిలోకి వెళ్ళి అరిచాను. అన్నీ చచ్చాయండీ, మీ శత్రువులు మాత్రం శుభ్రంగా ఉన్నారు, వచ్చి చూసుకోండి అని.

ఆయన కళ్ళు తెరిచారు. నిజమా అన్నారు. నిజమే అన్నాను. దుప్పటి తీసి, వాకర్ ఇటు జరపమన్నారు.

సాయంత్రం దాకా కుర్చీలోనే ఉన్నారు.

జూలై 25, శుక్రవారం

ఫణికిరణ్ వచ్చాడు. మర్యాదస్తుడే. రాళ్ళు చూసి, ఇవి పీడండీ, ఎవరూ ఉంచుకోరండీ, ఎండబెట్టి చంపితేగానీ రాళ్ళు పనికిరావండీ అన్నాడు.

ఆయన నోరు తెరిచారు. మాట కోసం చాలాసేపు వెతుక్కున్నారు. ఫణికిరణ్ నావైపు చూశాడు. నేను చెప్పబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. చివరికి అన్నారు, అంత సున్నం పోసినా బతికాయిగా, అని.

నాకు ఏడుపు ఆగలేదు. ఇవాళ ఉల్లిపాయలు కూడా తరగలేదు.

ఇవాళ శ్రావణ శుక్రవారం బాబూ, మా ఇళ్ళల్లో ఏదీ గడప దాటించం, నేనే మర్చిపోయి రమ్మన్నాను అని చెప్పాను. రేపు రమ్మంటారా అండీ అన్నాడు. రేపు శనివారం అన్నాను. అతను నవ్వి, కాఫీ తాగి వెళ్ళాడు.

జూలై 27

ఐప్టేసియాలకు మేత పెట్టాను. మూలదానికి పెట్టలేదని ఆయన కోప్పడ్డారు.