ధర్నాకి ఇచ్చిన సిలిండర్

చాందినీ,

అన్నానికి బియ్యం కడిగి కరెంటు కుక్కర్‌లో పెట్టాను, స్విచ్ వెయ్యి. అది ఉడికేదాకా ఏసీ వెయ్యకు, ఫ్యూజు పోతుంది. ఇంట్లో గ్యాస్ లేదు.

గ్యాస్ ధర పెంచారని మొన్న ప్రతిపక్షం వాళ్లు మన సొసైటీ గేటు ముందు ధర్నా చేశారు కదా. రోడ్డు మీద పేర్చడానికి ఖాళీ సిలిండర్లు కావాలంటే మనదీ ఇచ్చాను. పోలీసులొచ్చి అన్నిటినీ వ్యాన్‌లో పడేసుకుని పోయారు. పొద్దున నిండు సిలిండర్ తెచ్చిన భయ్యా, ఖాళీది ఇవ్వందే ఇది దించనని వెనక్కి తీసుకుపోయాడు. ధర్నా చేయించిన నాయకుడికి ఫోన్ చేస్తే "పోరాటమన్నాక ఇవన్నీ తప్పవు దీదీ" అన్నాడు. అధికార పార్టీ ఆఫీసుకెళ్తే "ధరల మీద కమిటీ వేశాం, రిపోర్టు రానివ్వండి" అన్నారు. నేనడిగింది ధర గురించి కాదు, నా సిలిండర్ గురించి! ఒక్కరికీ చెవికెక్కదు.

అందుకే పోలీస్ స్టేషన్‌కి వెళ్తున్నాను. ఇచ్చేదాకా అక్కడే కూర్చుంటాను. మీ నాన్నకి ఫోన్ చెయ్యకు. ఎందుకిచ్చావని పొద్దుట్నుంచీ సాధిస్తున్నారు. ధర తగ్గుతుందేమోనని ఇచ్చాను, ఇంకెందుకిస్తాను!

అమ్మ

గ్యాస్ ధర పెరిగినప్పట్నుంచీ నాన్నమ్మ సాయంత్రం కాఫీ మానేసింది. పడటం లేదంటోంది గానీ గ్యాస్ మిగల్చడానికేనని నాకు తెలుసు. కెటిల్‌లో నీళ్లు కాచి, పాలపొడి వేసి కలిపివ్వు. వద్దంటుంది. తాగేదాకా పక్కనే కూర్చో.