పొట్లంలో మిగిలిన నువ్వులు

పెనుగంచిప్రోలు,
4-4-1999, ఆదివారం.

చిరంజీవి నాగశ్రీకి,

మీ మామయ్య వెంకటరత్నం దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ మీ అత్తయ్యా బాగానే ఉన్నాం. మైలవరంలో నువ్వూ, మీ అమ్మానాన్నలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు. నువ్వు పాఠాలు చెప్పే బడిలో పరీక్షలు మొదలై ఉంటాయి. ఎండకు గొడుగు లేకుండా వెళ్ళకు.

ఈ రెండేళ్ళలో నేను నీకు రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. రాయాల్సింది చాలా ఉంది గానీ ఎక్కడ ఎత్తుకోవాలో తెలియడం లేదు. అందుకని పైరు సంగతి రాస్తాను. నాకు చేతనయిన సంగతి అదొక్కటే.

మొన్న పుష్యమాసంలో మన సతీష్‌బాబు తద్దినం పెట్టాం. అయ్యవారు చెప్పిన సరుకుల్లో నల్లనువ్వులు ఉంటే పావుకిలో తెచ్చాను. పిడికెడు ఖర్చయ్యాయి. కొడుకు చేత్తో నాకు అందాల్సిన నువ్వులూ నీళ్ళూ నా చేత్తో నేనే వాడికి వదిలాను. మిగిలిన పొట్లాన్ని మీ అత్తయ్య వంటలో వాడలేదు, పారెయ్యనూ లేదు. వంటింటి గూట్లో అలాగే ఉండేది. చివరికి ఒకరోజు, 'దీన్ని నా కంటపడకుండా ఎక్కడన్నా పెట్టండి' అంది.

మున్నేట్లో కలిపేద్దామని పొట్లం పైపంచె కొంగున కట్టుకుని బయల్దేరాను. దారిలోనే కదా సతీష్ సాగు చేసుకున్న మెట్ట చెలక. కంచికచర్ల దగ్గర వాణ్ణి లారీ పొట్టన పెట్టుకున్నప్పటి నుంచీ నేనందులో అడుగు పెట్టలేదు. ఆ రోజు ఎందుకో కాళ్ళు ఆగిపోయాయి. గట్టున కూర్చుని పొట్లం విప్పాను. గింజలు నల్లగా మెరుస్తున్నాయి. ఇవి ప్రాణం ఉన్నవే కదా అనిపించింది. ఏటికి వెళ్ళకుండా ఇంటికొచ్చేశాను.

ఇరవై గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో చుట్టి ఉంచాను. నాలుగో రోజు విప్పితే పద్నాలుగు మొలకెత్తాయి. మీ అత్తయ్య ఆ గుడ్డను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. 'మనం వాడికి వదిలింది వీటినేనా' అంది.

తిరుపతమ్మ తిరునాళ్ళ వెళ్ళిన వారానికి, పక్క చేను రత్తయ్య చేత ఏడెనిమిది సెంట్లు దున్నించాను. రత్తయ్య నవ్వాడు. 'మిరప వేసుకునే నేలలో ఈ పిడికెడు నువ్వులేందండీ' అన్నాడు. నువ్వుగింజ మరీ చిన్నది, ఊరికే చల్లితే ఒకచోటే గుప్పగా పడుతుంది. అందుకని ఏటి ఇసుక ఆరబెట్టి, ఒక పాలు గింజకు మూడు పాళ్ళు ఇసుక కలిపి చల్లాను.

ఆరో రోజుకి నేలంతా సన్నగా పచ్చపొడ. పదిహేను రోజులకి ఒత్తు మొక్కలు పీకెయ్యాలి. మొక్కకీ మొక్కకీ జానెడు ఎడం లేకపోతే ఏదీ ఎదగదు. ఆ సంగతి తెలిసీ నా చెయ్యి రాలేదు. బతికొచ్చిన దాన్ని పీకడమా అని గట్టు మీదే కూర్చున్నాను. మీ అత్తయ్య చీర కుచ్చిళ్ళు ఎగదోపి దిగింది. 'మీరు అటు తిరగండి' అని తనే పీకింది. సతీష్ పోయాక ఆవిడ పొలానికి రావడం అదే మొదలు.

ఇప్పుడు పైరు నా ఛాతీ దాకా ఉంది నాగశ్రీ. నువ్వుపువ్వు దగ్గరగా ఎప్పుడన్నా చూశావా? తెల్లగా, లోపల కొంచెం ఊదారంగు జీరతో, చిన్న గంటలా తల వంచుకుని ఉంటుంది. కింది నుంచి పైకి వరసగా పూస్తాయి. కింద కాయలు కడుతూ ఉంటే పైన ఇంకా మొగ్గలే. పొద్దున్నే మున్నేటి మీద నుంచి పొగలాంటి మంచు వచ్చి చేలో నిలబడుతుంది. అందులో ఏది మంచో ఏది పువ్వో తెలియదు. తేనెటీగలు పువ్వులోకి పూర్తిగా దూరిపోతాయి. పైకి మోత మాత్రం వినిపిస్తుంది. చేను మొత్తం ఊపిరి పీలుస్తున్నట్టు ఉంటుంది. ఎండెక్కేసరికి పువ్వులు రాలిపోతాయి. వాడిపోకుండానే రాలతాయి. చాళ్ళ మధ్య తెల్లగా పరుచుకుంటాయి.

నిన్న మధ్యాహ్నం ఆ పువ్వుల పక్కనే తలకింద చెయ్యి పెట్టుకుని కునుకు తీశాను. కలలో చేను చాలా పొడవుగా ఉంది. ఏరు దాటి అవతలిగట్టు దాకా అదే చేను. నువ్వు అందులో నడిచి వెళ్తున్నావు. మన ఇంటికి కొత్తగా వచ్చినప్పటి ఆకుపచ్చ చీర. సతీష్ నా పక్కనే కూర్చుని ఉన్నాడు. నిన్ను పిలవమంటే, 'వెళ్ళనీ నాన్నా' అన్నాడు. నువ్వు వెనక్కి చూడకుండా వెళ్తూనే ఉన్నావు. విచిత్రం ఏమిటంటే నాకు బాధ కలగలేదు. లేచేసరికి చొక్కా మీద నాలుగు పువ్వులు పడి ఉన్నాయి.

ఇంకో సంగతి. చేలో పది పన్నెండు మొక్కలకు తెగులు వచ్చింది. దీన్ని వెర్రి తెగులంటారు. మొక్క ఆరోగ్యంగానే కనిపిస్తుంది, అన్నిటికంటే పచ్చగా కూడా ఉంటుంది. కానీ పువ్వు రావాల్సినచోట గుత్తులుగా ఆకులే వస్తాయి. కాయ కట్టదు. చూసేవాళ్ళకి బాగానే ఉన్నట్టుంటుంది, దాని రోజులు మాత్రం వృథాగా వెళ్ళిపోతుంటాయి. రత్తయ్య చెప్పినట్టే అన్నీ పీకి తగలబెట్టాను. పీకుతుంటే నువ్వు గుర్తొచ్చావు. ఎందుకో రాయలేను.

ఇక అసలు మాట. సతీష్ పోయిన పదకొండో రోజున, చుట్టాలంతా వసారాలో ఉండగా, 'ఈ పిల్ల కాలు పెట్టిన వేళ' అన్నాను. నువ్వు గుమ్మంలో నిలబడి విన్నావు. నీకప్పుడు ఇరవై మూడేళ్ళు. నా కొడుకు పోయాడని నేను ఏడ్చాను గానీ, నీ మొగుడు పోయాడన్న సంగతి నాకు తట్టలేదు. సాయంత్రం బస్సుకి మీ నాన్నగారు నిన్ను తీసుకెళ్తుంటే ఆపలేదు. తప్పు నాది. వేళది కాదు, నీది అసలే కాదు. పెద్దవాణ్ణి కాబట్టి ఈ మాట నోటితో చెప్పడానికి సిగ్గుపడి కాగితం మీద రాస్తున్నాను. క్షమించమని అడుగుతున్నాను.

ఇంకో మూడు వారాల్లో కోత. మీ అత్తయ్య నిన్ను చూడాలంటోంది. వీలైతే రా, లేకపోయినా ఏమీ అనుకోం.

ఆశీస్సులతో,
మీ మామయ్య
వెంకటరత్నం

తా.క.: పోయిన నెల మీ ఇంటికి నందిగామ కాలేజీ లెక్చరర్ భవానీప్రసాద్ సంబంధం వచ్చింది కదా. ఎవరో మధ్యవర్తి తెచ్చాడని మీ నాన్నగారు నీతో అన్నారు. తెచ్చింది నేను. నా పేరు చెప్పొద్దని ఆయన దగ్గర మాట తీసుకున్నాను. అతనిది జగ్గయ్యపేట. భార్య పోయి నాలుగేళ్ళయింది, పిల్లలు లేరు. నేను అతని దగ్గరికి మూడుసార్లు వెళ్ళి మాట్లాడాను. మూడోసారి మీ అత్తయ్య కూడా వచ్చింది. నేనెవరో తెలిశాక అతను, 'మీరు అడిగిస్తున్నట్టు ఆ అమ్మాయికి తెలుసాండీ' అన్నాడు. తెలియదన్నాను. 'అయితే ముందు చెప్పండి. దాచిపెట్టి ఒప్పించడం నాకిష్టం లేదండి' అన్నాడు. అందుకే ఈ నాలుగు ముక్కలు. అత్తగారింటి వాళ్ళు ఏమనుకుంటారో అని నువ్వు వద్దన్నావట. అతను నచ్చకపోతే నచ్చలేదని చెప్పు, ఎవరూ బలవంతపెట్టరు. మా మొహం చూసి మాత్రం కాదనకు తల్లీ.